2018 ఎన్‌ఆర్‌సి సీజన్: ఆస్ట్రేలియా కప్పును ఫిజీ డ్రువా పట్టుకెళ్లడం న్యాయమేనా?

బ్రిస్బేన్_రాము
మా అబ్బాయికి పద్నాలుగేళ్లు. ఇక్కడి క్లబ్బులో జూనియర్ రగ్బీ ఆడుతున్నాడు. నిన్న రాత్రి ఇద్దరం కూర్చుని 2018 నేషనల్ రగ్బీ ఛాంపియన్‌షిప్ (ఎన్‌ఆర్‌సి) ఫైనల్ వీడియో చూశాం. అక్టోబరు 27న ఫిజీలోని లౌటోకాలో జరిగింది. ఫిజీ డ్రువా 36, మా క్వీన్స్‌లాండ్ కంట్రీ 26. ఆ రోజు ఎంత బాధేసిందో నిన్నా అంతే వేసింది.

ఓడిపోయామని కాదు నా బాధ. ఈ పోటీ పెట్టిందే ఆస్ట్రేలియా కుర్రాళ్ల కోసం. శనివారం క్లబ్ రగ్బీ ఆడేవాడికీ, జీతాలకు ఆడే పెద్ద పోటీ సూపర్ రగ్బీకీ మధ్య పెద్ద గొయ్యి ఉంది. దాన్ని పూడ్చడానికి 2014లో తొమ్మిది జట్లతో మొదలుపెట్టారు. సూపర్ రగ్బీ బెంచీ మీద కూర్చున్నవాడు, క్లబ్బులో బాగా ఆడుతున్నవాడు, ఇప్పుడే స్కూలు దాటినవాడు, ముగ్గురూ ఒకే జట్టులో రెండు నెలలు ఆడతారు. అందులోంచి పైకి ఎవరు పనికొస్తారో తేలుతుంది.

2017లో ఇందులోకి ఫిజీ డ్రువా పేరుతో ఒక దేశం మొత్తాన్ని తెచ్చి కూర్చోబెట్టారు. క్వీన్స్‌లాండ్‌నే రెండు ముక్కలు చేసి బ్రిస్బేన్ సిటీ ఒకటి, కంట్రీ ఒకటి అన్నారు. అంటే మాది సగం రాష్ట్రం, వాళ్లది దేశం. వచ్చిన రెండో ఏడాదే కప్పు ఎత్తుకెళ్లారు. "నాన్నా, ఇది ఆస్ట్రేలియా కప్పు కదా, ఫిజీకి ఎందుకిచ్చారు?" అని మావాడు అడిగితే నాకు జవాబు తోచలేదు. రగ్బీ తెలిసినవాళ్లు చెప్పండి.

చారు_చక్రవర్తి
ఎన్‌ఆర్‌సి అని చూసి పౌరసత్వ జాబితా గొడవ అనుకుని పరుగెత్తుకొచ్చా. ఇక్కడ రగ్బీ స్క్రమ్‌లో, ఆ తోపులాటలో ఇరుక్కున్నా.

కూకట్‌పల్లి_కిరణ్
అదే నేనూ 😀 సరే వచ్చాం కదా. క్రికెట్ భాషలో ఎవరైనా చెప్పండి. ఇది రంజీ లాంటిదా, ఇండియా-ఏ లాంటిదా?

గోదారి_గట్టు
కిరణ్, రెండూ కలిపినట్టు ఉంటుంది. ప్రాంతాల పేరుతో జట్లు ఉంటాయి కాబట్టి రంజీలా కనిపిస్తుంది. కానీ పని ఇండియా-ఏ పని. గెలుపు ముఖ్యమే, అంతకంటే రేపు పెద్ద జట్టులో ఎవడు నిలబడతాడో చూసుకోవడం ముఖ్యం. అందుకే వీటిని డెవలప్‌మెంట్ జట్లు అంటారు.

2018లో ఎనిమిది జట్లు. ప్రతి జట్టూ మిగతా ఏడింటితో ఒక్కోసారి ఆడాలి, పైన నిలిచిన నాలుగూ సెమీస్‌కి. బ్రిస్బేన్ సిటీ, క్వీన్స్‌లాండ్ కంట్రీ, కాన్‌బెరా వైకింగ్స్, మెల్‌బోర్న్ రైజింగ్, న్యూ సౌత్ వేల్స్ కంట్రీ ఈగిల్స్, సిడ్నీ రేస్, వెస్టర్న్ ఫోర్స్, ఫిజీ డ్రువా. సెప్టెంబరు, అక్టోబరుల్లో అయిపోతుంది. చిన్న సీజన్. రెండు మ్యాచ్‌లు పోయాయంటే ఇక టెన్షనే.

సింగటోకా_మనవడు
నేను ఆ ఫైనల్‌కి గ్రౌండ్‌లో ఉన్నాను.

కూకట్‌పల్లి_కిరణ్
అలా ఒక్క ముక్క చెప్పి ఆపేస్తే ఎలా అన్నా. పూర్తిగా రాయండి.

మెల్‌బోర్న్_మూర్తి
మనవడు గారు రాసేలోపు రాము గారికి నా మాట. "దేశం మొత్తాన్ని తెచ్చారు" అన్నారు చూడండి, అక్కడే తేడా ఉంది. ఫిజీ అసలు జాతీయ జట్టు 2018లో ఎక్కడుంది? ఫ్రాన్స్‌లో, ఇంగ్లండ్‌లో. రాడ్రాడ్రా, టుయిసోవా, నకరావా లాంటి వాళ్లంతా యూరప్ క్లబ్బుల్లో జీతాలకు ఆడుతున్నారు. డ్రువాలో ఉన్నది ఫిజీలోనే ఉండిపోయిన కుర్రాళ్లు. పోలీసు జట్టుకో సైన్యం జట్టుకో ఆడుతూ, ఊళ్లో మైదానంలో సాయంత్రాలు సెవెన్స్, అంటే ఏడుగురి రగ్బీ, ఆడుతూ పెరిగినవాళ్లు. డెవలప్‌మెంట్ జట్టు అంటే అంతకన్నా ఏం ఉంటుంది?

పైగా ఆ ఫైనల్ అయిన నాలుగు వారాలకు, 2018 నవంబరు 24న, ఫిజీ వెళ్లి పారిస్‌లో ఫ్రాన్స్‌ని 21-14తో ఓడించింది. ఫ్రాన్స్ మీద వాళ్లకు అదే మొదటి గెలుపు. ట్రైలు (బంతిని అవతలి గీత దాటించి నేలకి ఆనించడం) వేసింది టుయిసోవా, రాడ్రాడ్రా. ఇద్దరూ డ్రువాకి ఆడినవాళ్లు కాదు. కాబట్టి డ్రువా, ఫిజీ ఒకటి కాదు.

బ్రిస్బేన్_రాము
మూర్తి గారూ, యూరప్‌లో ఉన్నవాళ్లు రాలేదు, ఒప్పుకుంటా. కానీ మిగిలిన దేశమంతా ఒకే జట్టు కదా. మాకు బ్రిస్బేన్ సిటీతో పంచుకోవాలి. అక్కడ పంచుకోవడానికి ఇంకో జట్టు లేదు. నెలల తరబడి ఒకచోట సాధన చేసి వచ్చిన జట్టుకీ, క్లబ్ సీజన్ అయిపోయిన మర్నాడు పోగుచేసిన జట్టుకీ పోటీ పెడితే ఏమవుతుంది? మా జట్టులో సగం మందికి లైనవుట్ (బంతి బయటికి పోయాక లోపలికి విసిరే వరుస) పిలుపులు గుర్తుండేసరికే సీజన్ అయిపోతుంది.

గోదారి_గట్టు
రాము గారు చెప్పిన రెండో మాట నిజం. జట్టు అల్లుకోవడానికి టైమ్ లేకపోవడం ఎన్‌ఆర్‌సి మొత్తానికీ ఉన్న జబ్బు. కానీ 2017లో కప్పు గెలిచింది మీ క్వీన్స్‌లాండ్ కంట్రీయే. వైకింగ్స్ మీద 42-28. ఆ ఏడాది డ్రువా సెమీస్‌లోనే ఆగింది. మీరు గెలిచిన ఏడాది న్యాయం, ఓడిన ఏడాది అన్యాయం ఎలా అవుతుందండీ?

సింగటోకా_మనవడు
రాస్తున్నాను. నాది పుస్తకాల తెలుగు కాదు, మా అవ్వ నేర్పింది, తర్వాత ఆంధ్ర సంగం క్లాసుల్లో కొంచెం చదివాను. మా ముత్తాత విశాఖ జిల్లా నుంచి మద్రాసు పోయి ఓడెక్కాడు. గిర్మిట్ కూలీ. చెరకు తోటలో ఐదేళ్ల ఒప్పందం. అది తీరాక వెనక్కి రాలేదు. మేము సింగటోకా లోయలోనే ఉండిపోయాం. నేను ఉద్యోగానికి లౌటోకా వచ్చాను.

అక్టోబరు అంటే లౌటోకాలో చెరకు గానుగ ఆడే కాలం. మిల్లు ముందు లారీల వరుస ఉంటుంది. చెరకు రైలు, చిన్న పట్టాల బండి, ఊరి మధ్యలోంచే పోతుంది. గాలంతా పాకం వాసన. ఆ రోజు లారీ డ్రైవర్లు బండ్లు వరుసలో వదిలేసి చర్చిల్ పార్కుకి వచ్చారు. నాకు బాగా గుర్తు, మా పక్కన కూర్చున్న పెద్దాయన బట్టలకు చెరకు మసి ఉంది.

మా భారతీయుల్లో ఎక్కువమంది ఆడేది ఫుట్‌బాల్. రగ్బీ ఇతౌకేయిల ఆట, అంటే అక్కడి మూలవాసుల ఆట అని చిన్నప్పటి నుంచి ఒక గీత ఉండేది. 2016లో రియో ఒలింపిక్స్‌లో సెవెన్స్ స్వర్ణం వచ్చింది, బ్రిటన్ మీద 43-7. ఫిజీకి అది మొట్టమొదటి ఒలింపిక్ పతకం. ప్రభుత్వం సెలవు ఇచ్చింది, తర్వాత ఏడు డాలర్ల నోటు కూడా అచ్చేసింది. ఆ రోజు ఆ గీత కొంచెం చెరిగింది. డ్రువా ఫైనల్ రోజు నా కళ్ల ముందు ఇంకా చెరిగింది. చివర్లో నేనూ, నా ముందు వరుసలో ఉన్న ఇతౌకేయి అమ్మా ఒకరినొకరు పట్టుకుని ఏడ్చాం. ఆమె పేరు కూడా నాకు తెలియదు.

రాము గారూ, మీకు అది ఆస్ట్రేలియా కప్పు. మాకు అది సొంత ఊళ్లో, పదిహేను మంది రగ్బీలో, పెద్ద దేశం జట్టు మీద గెలిచిన కప్పు.

చారు_చక్రవర్తి
నవ్వుకుందామని వచ్చినవాణ్ణి, ఇది చదివి కాసేపు అలాగే కూర్చున్నా.

డబ్లిన్_దివ్య
మనవడు గారి పోస్టు మా ఆయనకి చదివి వినిపించా.

కూకట్‌పల్లి_కిరణ్
ఏడు డాలర్ల నోటు నిజంగానే ఉందా? ఏడా?

సింగటోకా_మనవడు
ఉంది. సెవెన్స్ కదా, అందుకే ఏడు. మా ఇంట్లో ఒకటి ఫ్రేము కట్టి పెట్టాం.

అనంతపురం_అబ్బి
నాకో చిన్న డౌటు. మ్యాపులో నాడి అని ఊరుంది కదా, ఎయిర్‌పోర్టు అక్కడే. ఇంగ్లిష్ అక్షరాలు చూస్తే నది అని చదువుతాం. ఫిజీలో నది పేరు మీద ఊరా?

సింగటోకా_మనవడు
అది నాండి. ఫిజీ రాతలో డి అని రాస్తే పలికేటప్పుడు ముందు న చేరుతుంది. అలాగే డ్రువా అని రాస్తారు, పలికేది న్డ్రువా. మా ఊరిని రాసేది సిగటోక అని, పలికేది సింగటోకా అని. నాండి పక్కన నది ఉంది, కానీ పేరుకీ దానికీ సంబంధం లేదు.

డ్రువా అంటే రెండు పడవలు పక్కపక్కన కలిపి కట్టిన పెద్ద తెరచాప ఓడ. పూర్వం దాని మీదే సముద్రాలు దాటేవాళ్లు.

అనంతపురం_అబ్బి
జంట పడవ అన్నమాట. పేరు చాలా బాగుంది.

పొచెఫ్‌స్ట్రూమ్_ప్రసాద్
రాము గారి ప్రశ్నకి దక్షిణాఫ్రికాలో జరిగిన ఒక సంగతి చెబుతా. ఇక్కడ వొడాకామ్ కప్ అని ఉండేది, 1998 నుంచి 2015 దాకా. ప్రావిన్సుల రెండో వరుస ఆటగాళ్ల పోటీ. అందులోకి 2010లో అర్జెంటీనా తన డెవలప్‌మెంట్ జట్టు పంపాస్‌ని పంపింది. వాళ్లు మా ఊళ్లోనే బస చేసేవాళ్లు. ఇక్కడి బజార్లో గుంపుగా కనిపించేవాళ్లు. రెండో ఏడాది 2011లో ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా కప్పు గెలిచారు. ఫైనల్లో బ్లూ బుల్స్ మీద 14-9.

ఇక్కడివాళ్లూ అప్పుడు రాము గారిలాగే అన్నారు, మన కప్పు పరాయివాళ్లు పట్టుకెళ్లారని. తర్వాత ఏమైంది? 2015 ప్రపంచకప్‌లో అర్జెంటీనా సెమీస్. 2016లో జాగ్వారెస్ పేరుతో సూపర్ రగ్బీలోకి వచ్చారు. 2019లో ఫైనల్ దాకా వెళ్లి న్యూజిలాండ్ జట్టు క్రూసేడర్స్ చేతిలో 19-3తో ఓడారు. ఆ దారికి మొదటి మెట్టు మా వొడాకామ్ కప్పే. డ్రువా కథ కూడా అదే అచ్చు. రెండో ఏడాది కప్పు కూడా అచ్చు అదే.

మెల్‌బోర్న్_మూర్తి
భలే పోలిక ప్రసాద్ గారూ. ఇక్కడ కూడా అంతే, డ్రువాకి ప్రపంచ రగ్బీ సంస్థ వరల్డ్ రగ్బీ డబ్బు సాయం చేసి పంపింది. దాని ఉద్దేశం ఎన్‌ఆర్‌సి కప్పు కాదు, సూపర్ రగ్బీ దాకా దారి వేయడం. అంతకుముందు 2006 నుంచి 2015 దాకా పసిఫిక్ రగ్బీ కప్ ఉండేది. మొదట్లో ఫిజీ, సమోవా, టోంగాలకు తలా రెండు జట్లు. తర్వాత ఫిజీ వారియర్స్, సమోవా-ఏ, టోంగా-ఏ వచ్చి ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ల సూపర్ రగ్బీ డెవలప్‌మెంట్ జట్లతో ఆడి వెళ్లేవి. అందులో వచ్చి వెళ్లడమే తప్ప ఒక సీజన్ అంటూ నిలకడగా సొంత గ్రౌండ్‌లో ఆడే వీలు తక్కువ. డ్రువాకి ఎన్‌ఆర్‌సి ఇచ్చింది అది. మ్యాచ్‌లు సువాలో, లౌటోకాలో, సింగటోకాలో పెట్టారు.

బ్రిస్బేన్_రాము
ప్రసాద్ గారు చెప్పింది నాకు తెలియదు. ఆలోచించాల్సిన మాటే.

కానీ ఒకటి చెప్పండి. పంపాస్, డ్రువా పైకి పోయారు, బాగుంది. మరి మెట్టు వేసినవాళ్ల సంగతి? వొడాకామ్ కప్ ఆగిపోయింది. ఎన్‌ఆర్‌సి 2019 తర్వాత ఆగిపోయింది. అతిథి భోంచేసి వెళ్లాక ఇల్లుగలవాడికి పొయ్యి లేకుండా పోయినట్టుంది.

గోదారి_గట్టు
అది మాత్రం అతిథి తప్పు కాదు రాము గారూ! పొయ్యి ఆర్పింది ఇంట్లోవాళ్లే.

మెల్‌బోర్న్_మూర్తి
నేను 2018లో మెల్‌బోర్న్ రైజింగ్ మ్యాచ్ ఒకటి చూశా. ఆ రోజు గ్రౌండ్‌లో జనాన్ని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఆటగాళ్లు ఒకరినొకరు పిలుచుకోవడం గట్టు మీద నాకు స్పష్టంగా వినిపించింది. అదే డ్రువా ఇంటి మ్యాచ్ టీవీలో చూస్తే చెట్ల మీద కూడా జనమే.

సిడ్నీలో, బ్రిస్బేన్‌లో జనం ప్రేమ పాత క్లబ్బుల మీద. తాతల కాలం నుంచి ఒక్కో క్లబ్బుని పట్టుకుని ఉన్నవాళ్లు. వాళ్లకి సిడ్నీ స్టార్స్, గ్రేటర్ సిడ్నీ రామ్స్ అని కొత్త పేర్లు పెట్టి రమ్మంటే ఎందుకొస్తారు? స్టార్స్ రెండు సీజన్లకే పోయింది, 2018కి రామ్స్ కూడా లేదు. 2007లో కూడా ఇలాంటి పోటీ ఒకటి పెట్టి ఒక్క సీజన్‌కే మూసేశారు, ఖర్చు భరించలేక. ఆ పాఠం నేర్చుకోలేదు.

డబ్లిన్_దివ్య
ఐర్లండ్ నుంచి నా వంతు. అదే 2018లో ఇక్కడ సెల్టిక్ కప్ మొదలుపెట్టారు. ఐర్లండ్ నాలుగు ప్రావిన్సుల ఏ-జట్లు, వేల్స్ నాలుగు ప్రాంతాల డెవలప్‌మెంట్ జట్లు. మొత్తం ఎనిమిది, మీ ఎన్‌ఆర్‌సి లాగే. 2018, 2019 రెండుసార్లూ లెన్‌స్టర్-ఏ గెలిచింది. తర్వాత అదీ లేదు.

మా ఆఫీసుకి దగ్గర్లో డానీబ్రూక్ గ్రౌండ్. సెప్టెంబరులో ఒక మధ్యాహ్నం లెన్‌స్టర్-ఏ మ్యాచ్‌కి వెళ్లా. నాకు నచ్చింది ఏంటంటే, ఆటగాళ్ల అమ్మానాన్నలే ఎక్కువమంది. ఒకావిడ ఫ్లాస్కులో టీ తెచ్చుకుంది, నాకూ పోసింది. వాళ్ల అబ్బాయి ప్రాప్, అంటే స్క్రమ్‌లో ముందు వరుసవాడు. ప్రతి స్క్రమ్‌కీ ఆవిడ కళ్లు మూసుకునేది. ఆ ఎనభై నిమిషాలు ఆ అబ్బాయి జీవితంలో ఎంత పెద్దవో ఆవిడ ముఖం చూస్తే తెలిసింది. జనం లేరు కాబట్టి విలువ లేదు అనడం నాకు నచ్చదు మూర్తి గారూ.

మెల్‌బోర్న్_మూర్తి
విలువ లేదని అనలేదమ్మా. టికెట్ డబ్బు రాకపోతే బోర్డు ముందు కోసేది దీన్నే అంటున్నా. 2020లో కరోనా, ప్రసార హక్కుల గొడవ, ఖజానా ఖాళీ, అన్నీ ఒకేసారి వచ్చాయి. మొదటి కోత ఎన్‌ఆర్‌సి మీదే పడింది.

డబ్లిన్_దివ్య
అప్పుడు ఒప్పుకుంటా.

పెర్త్_పద్మజ
2018 సీజన్ గురించి మాట్లాడుతూ వెస్టర్న్ ఫోర్స్‌ని ఒక్కరూ పట్టించుకోలేదే! మమ్మల్ని 2017లో సూపర్ రగ్బీ నుంచి తీసేశారు. ఆ ఏడాది పెర్త్‌లో మేం రోడ్డెక్కాం. అంతకుముందు ఎన్‌ఆర్‌సిలో మా జట్టు పెర్త్ స్పిరిట్, 2016లో కప్పు గెలిచింది. 2018లో ఆ జట్టుకే ఫోర్స్ అని పేరు పెట్టి దించాం. పెద్ద పోటీలో చోటు పోయినా పేరు పోకూడదని. 2019లో చివరి ఎన్‌ఆర్‌సి ఫైనల్ మాదే, వైకింగ్స్ మీద 41-3. మా అత్తగారు, ఎనభై ఏళ్ల మనిషి, కాకినాడ నుంచి వచ్చి ఉన్నారప్పుడు. నియమాలేవీ తెలియకుండానే "ఇంకోటి వెయ్యండర్రా" అని టీవీకి కేకలు.

రాము గారూ, మీకు ఆ పోటీ మెట్టు. మాకు ఆ రెండేళ్లూ అది ఊపిరి.

చారు_చక్రవర్తి
"ఇంకోటి వెయ్యండర్రా" ఇవాళ్టి నుంచి నా స్టేటస్. అత్తగారికి నా నమస్కారాలు చెప్పండి.

కూకట్‌పల్లి_కిరణ్
పాయింట్ల లెక్క ఒకటి అర్థం కాలేదు. ఎన్‌ఆర్‌సి పాత స్కోర్లు చూస్తుంటే మామూలు రగ్బీ లెక్కకి కుదరట్లేదు.

గోదారి_గట్టు
మంచి ప్రశ్న. మామూలుగా ట్రైకి 5, దాని తర్వాత గోల్‌కి తన్నే కన్వర్షన్‌కి 2, పెనాల్టీ గోల్‌కి 3. 2014లో ఎన్‌ఆర్‌సి మొదలైనప్పుడు దీన్ని తిరగేశారు. కన్వర్షన్‌కి 3, పెనాల్టీకి 2. పెనాల్టీ దొరికితే గోల్‌కి తన్నడం కన్నా ట్రై కోసం వెళ్లడం లాభం అయ్యేలా. డెవలప్‌మెంట్ పోటీలో ఇంకో సుఖం ఇదే, కొత్త నియమాలు పెట్టి చూడొచ్చు. బంతి చేతుల్లో తిప్పుతూ, టాకిల్ పడుతూ కూడా పక్కవాడికి ఆఫ్‌లోడ్ ఇచ్చే ఆట ఎన్‌ఆర్‌సిలో ఎక్కువ కనిపించేది. డ్రువా వచ్చేసరికి ఆ వాతావరణం వాళ్లకి పుట్టిల్లు లాంటిది.

అనంతపురం_అబ్బి
డ్రువా 2018 జట్టులో తర్వాత పేరు తెచ్చుకున్నవాళ్లు ఎవరు?

సింగటోకా_మనవడు
ఫ్లైహాఫ్ అలివెరెటి వెయిటోకని. ఆ సీజన్ అంతా అతని ఆటే. తర్వాత లండన్ ఐరిష్ తీసుకుంది. మెసులామే కునవులా ఎడిన్‌బరో వెళ్లాడు. ఫ్రాంక్ లొమానీ స్క్రమ్‌హాఫ్, తిరిగి డ్రువాకే వచ్చి సూపర్ రగ్బీ ఆడాడు. కోచ్ సెనిరుసి సెరువకుల. గట్టిగా అరిచే మనిషి కాదు, పక్కన నిలబడి చూస్తుంటాడు.

డబ్లిన్_దివ్య
సెరువకుల! ఆయనే 2022లో ఫిజీ అమ్మాయిల జట్టు ఫిజియానా డ్రువాకి కోచ్. ఆస్ట్రేలియా సూపర్ డబ్ల్యూలో అడుగుపెట్టిన మొదటి ఏడాదే కప్పు. ఫైనల్లో న్యూ సౌత్ వేల్స్ జట్టు వారటాస్ మీద 32-26. 2023లో మళ్లీ గెలిచారు. రాము గారూ, ఈ కప్పు కూడా ఆస్ట్రేలియాదే, మీ మంట పెంచుతున్నందుకు క్షమించండి.

బ్రిస్బేన్_రాము
పెంచండి, అలవాటైంది. 2023 ఫైనల్లో ఓడింది మా క్వీన్స్‌లాండ్ జట్టు రెడ్స్ అమ్మాయిలే.

వైజాగ్_పీఈటీ
ఇంతసేపూ చదువుతూ ఉన్నా. నేను ప్రభుత్వ స్కూల్లో వ్యాయామ ఉపాధ్యాయుణ్ణి. మా పిల్లలు రగ్బీ ఆడతారు. మీరంతా ఉన్న మెట్టు గురించి, పోయిన మెట్టు గురించి మాట్లాడుతున్నారు. మా దగ్గర ఆ మెట్టు ఎప్పుడూ లేదు.

మా పిల్ల ఒకతి పదో తరగతిలో రాష్ట్ర జట్టుకి ఎంపికైంది. మత్స్యకారుల కుటుంబం. వాళ్ల నాన్నతో పడవ లాగి లాగి చేతుల్లో ఏం బలం! టాకిల్ చేసిందంటే అవతలి పిల్ల లేచి నవ్వేది, అంత శుభ్రంగా పడేసేది. జాతీయ పోటీలకి రైల్లో వెళ్లి వచ్చింది. రిజర్వేషన్ దొరక్క బాత్రూమ్ పక్కన కూర్చుని వెళ్లారు. వచ్చాక ఏం ఆడాలి? పందొమ్మిదేళ్లు దాటినవాళ్లకి ఏడాదికి ఒకటో రెండో టోర్నమెంట్లు, రెండ్రోజుల్లో అయిపోతాయి. సీజన్ అనేది లేదు. వారం వారం మ్యాచ్ ఉంటేనే ఆట పెరుగుతుంది. ఆమె ఇప్పుడు బట్టల షాపులో పనిచేస్తోంది. పండక్కి కనిపిస్తే "సార్, బంతి ఉందా?" అని అడుగుతుంది.

2025 జూన్‌లో ముంబైలో రగ్బీ ప్రీమియర్ లీగ్ పెట్టారు, ఆరు జట్లు, అందులో హైదరాబాద్ హీరోస్ ఒకటి. సంతోషమే. టీవీలో చూసి మా పిల్లలు ఎగిరారు. కానీ అది రెండు వారాల సెవెన్స్ పోటీ. పై అంతస్తు కట్టారు, కింద నేల ఉంది, మధ్యలో మెట్లే లేవు. ఎనిమిది జట్లు, ఏడు వారాలు, ఖాళీ గ్రౌండ్ అయినా సరే, అలాంటిది మాకొక్కటి ఉంటే ఎంత బాగుండేదో అని ఈ పోస్టులన్నీ చదువుతుంటే అనిపించింది.

పెర్త్_పద్మజ
మాస్టారూ, ఆ అమ్మాయికి బంతి ఇవ్వండి. ఖర్చు నాది. మెసేజ్ పెట్టా చూడండి.

గోదారి_గట్టు
నాదీ కలపండి మాస్టారూ. ఒక్క బంతి కాదు, ఒక సంచీ నిండా.

వైజాగ్_పీఈటీ
చూశానమ్మా. చాలా సంతోషం. ఊళ్లో పాత జట్టు పిల్లలు ఇంకో నలుగురు ఉన్నారు, ఆదివారాలు పోగుచేస్తా.

మెల్‌బోర్న్_మూర్తి
రాము గారి మొదటి ప్రశ్నకి మళ్లీ వస్తా. ఫిజీని రానివ్వడం వల్ల ఆస్ట్రేలియాకి నష్టమా? 2023 సెప్టెంబరు 17, సెయింట్ ఎటియన్, ప్రపంచకప్. ఫిజీ 22, ఆస్ట్రేలియా 15. 1954 తర్వాత మన మీద వాళ్లకి మొదటి గెలుపు. ఆ ఫిజీ జట్టులో చాలామంది డ్రువా కుర్రాళ్లు. గోల్స్ తన్నిన కురువోలి డ్రువా స్క్రమ్‌హాఫ్. అంటే రాము గారి మాటలోనూ నిజం ఉంది, మనం నీళ్లుపోసిన చెట్టే మన మీద పడింది. నాకు మాత్రం ఆ రాత్రి బాధగా లేదు. పక్కింటివాడు బలంగా లేకపోతే మన ఆట ఎవరితో పెరుగుతుంది?

గోదారి_గట్టు
ఇంకో వైపు కూడా ఉంది. సాము కెరెవి ఫిజీలో పుట్టాడు. 2014, 2015ల్లో ఎన్‌ఆర్‌సి గెలిచిన బ్రిస్బేన్ సిటీ జట్టులో ఆడి, 2016లో వాలబీ, అంటే ఆస్ట్రేలియా జాతీయ జట్టు ఆటగాడు, అయ్యాడు. ఆ పోటీ తయారుచేసిన మంచి ఆటగాళ్లలో ఒకడు. ఫిజీ మనకి ఇచ్చింది కూడా లెక్కలో వేయాలి కదా.

బ్రిస్బేన్_రాము
కెరెవి పేరు చెప్పి నా నోరు మూయించారు. మావాడి గది గోడ మీద ఉన్నది కెరెవి బొమ్మే.

సరే, ఒక మాట ఒప్పుకుంటా. నేను కోపం చూపించిన చోటు తప్పు. డ్రువా గెలిచినందుకు కాదు నా మంట. మావాడు ఇంకో నాలుగేళ్లలో స్కూలు దాటతాడు. క్లబ్బులో ఆడతాడు. ఆ తర్వాత వాడికి ఎన్‌ఆర్‌సి లేదు. 2018లో బాండ్ యూనివర్సిటీ గ్రౌండ్‌లో కంట్రీ మ్యాచ్ చూస్తూ, వాణ్ణి భుజాల మీద కూర్చోబెట్టుకుని, "నువ్వూ ఒకరోజు ఇక్కడ ఆడతావురా" అన్నా. ఆ చోటే లేకుండా పోయింది. ఫైనల్ వీడియో చూసినప్పుడల్లా గుర్తొచ్చేది అది.

కానీ అప్పుడు జట్లకి సాధనకి టైమ్ ఇవ్వకపోవడం తప్పే, ఆ మాట మీద మాత్రం ఉంటా.

మెల్‌బోర్న్_మూర్తి
ఆ మాట మీద మేమంతా మీతోనే.

సింగటోకా_మనవడు
రాము గారూ, 2022లో డ్రువా సూపర్ రగ్బీకి వచ్చినప్పుడు కరోనా వల్ల ఇంటి నుంచి దూరంగా న్యూ సౌత్ వేల్స్ తీరంలో లెనాక్స్ హెడ్‌లో ఉండి ఆడారు. చిన్న ఊరు. అక్కడి ఆస్ట్రేలియా వాళ్లు మా కుర్రాళ్లని సొంత పిల్లల్లా చూసుకున్నారు. నేను అప్పటికి ఇక్కడికి వచ్చేశాను, లోగన్‌లో ఉంటున్నాను. కారులో వెళ్లి వాళ్ల ప్రాక్టీసు చూసి వచ్చాను. గేటు దగ్గర ఒక ముసలాయన డ్రువా టోపీ పెట్టుకుని నిలబడ్డాడు. ఫిజీ మనిషి కాదు, ఆ ఊరాయనే.

బ్రిస్బేన్_రాము
లోగన్‌లోనా? మాది సన్నీబ్యాంక్! ఇరవై నిమిషాలు. ఇంతసేపూ సముద్రం అవతల ఉన్నారనుకుని వాదిస్తున్నా.

కూకట్‌పల్లి_కిరణ్
సినిమా క్లైమాక్స్ వచ్చేసింది.

సింగటోకా_మనవడు
డ్రువా సన్‌కార్ప్ స్టేడియానికి రెడ్స్‌తో ఆడటానికి వచ్చినప్పుడు కలుద్దాం. మీ అబ్బాయిని తీసుకురండి. 2018 ఫైనల్ రోజు నేను పట్టుకున్న జెండా ఇంకా ఉంది.

బ్రిస్బేన్_రాము
తప్పకుండా. ముందు మా ఇంటికి భోజనానికి రండి, అటునుంచి అందరం కలిసి వెళ్దాం. కానీ చెబుతున్నా, మావాడు రెడ్స్ జెర్సీతోనే వస్తాడు.

సింగటోకా_మనవడు
రానివ్వండి. మా అవ్వ చేసే చింతపండు చేప పులుసు నేను తెస్తాను, కొబ్బరి పాలు పోసి చేస్తాం మేము.

చారు_చక్రవర్తి
పులుసులో కొబ్బరి పాలా? దీనికి వేరే థ్రెడ్ తెరవాలి. వంటల విభాగంలో తెరుస్తున్నా, అందరూ అక్కడికి రండి.